నిరీక్షణ గల దుఃఖం

చనిపోయిన మనిషి గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు బతికున్నవాళ్ళు అబద్ధం చెప్పకుండా వుండగలరా? ఓదార్పుకూ సత్యానికీ మధ్య తగవు వస్తే మనం ఏ పక్షం వహించాలి? ఈ ప్రశ్న తత్త్వశాస్త్ర గ్రంథాల్లో కంటే శవం లేచిన ఇంటి వసారాలో కఠినంగా ఎదురవుతుంది. పుస్తకంలో అయితే పేజీ తిప్పవచ్చు. వసారాలో చాప మీద కూర్చున్న మనిషి మన ముఖంలోకి చూస్తూ వుంటుంది.

నాకు ఎదురైన సందర్భాన్ని ముందు చెబుతాను. సొంత గోడు వెళ్ళబోసుకోవాలని కాదు. మన శిబిరంలో చాలామందికి ఇలాంటి రోజు వచ్చే వుంటుంది, రాకుంటే రేపు వస్తుంది.

ఉపాధ్యాయ సంఘంలో ముప్పై యేళ్ళు నాతో కలిసి పనిచేసిన మిత్రుడు మిరపకోతల రోజుల్లో కన్నుమూశాడు. అతను లూథరన్ క్రైస్తవుడు. నల్లరేగడి వూరి పల్లెలో పుట్టి, ఆ పల్లె బడిలోనే పంతులుగా చాలాకాలం పనిచేశాడు. ఆదివారం గుడిలో వాక్యం చదివేవాడు. సోమవారం కూలిరేట్ల మీద మాతోపాటు కరపత్రం రాసేవాడు. నేను దేవుణ్ణి నమ్మనివాణ్ణి. ఈ విషయం మా ఇద్దరికీ తెలుసు, ఊరికీ తెలుసు. "మాస్టారూ, మీ దేవుడు మన కూలిరేటు సంగతి చూశాడా?" అని నేనంటే, "చూశాడు మాస్టారూ, అందుకే నన్ను మీ సంఘంలో పెట్టాడు" అనేవాడు.

అతని పెట్టె ఇంటినుంచి లేచిన రోజున శ్మశానానికి దారి లేదు. వాగు ఒడ్డున పల్లెవాళ్ళు పూడ్చుకునే జాగా వుంది. దానికి వెళ్ళే డొంక యేనాడో రెండు పక్కల చేలల్లో కలిసిపోయింది. మిగిలింది చేనిగట్టు. గట్టు మీద ఒక మనిషి నడవగలడు, నలుగురు మోసే పెట్టె నడవలేదు. పండుకాయతో బరువెక్కిన మిరపచెట్ల మధ్య పెట్టె ఒక పక్కకు ఒరుగుతూ, ఆగుతూ, మళ్ళీ లేస్తూ సాగింది. చేను గల పెద్దమనిషి గట్టు చివర నిలబడి "చెట్లు జాగ్రత్త" అన్నాడు. మోసేవాళ్ళు జాగ్రత్తగానే నడిచారు. కాయ కోస్తున్న ఆడకూలీలు పని ఆపి వచ్చి మాతో కలిశారు. మిరప కోసిన చేతులతో కళ్ళు తుడుచుకోవడానికి లేదు. అందుకని మోచేతి పైభాగంతో తుడుచుకుంటూ నడిచారు. ఆ డొంకను సర్వే చేయించి తెరిపించమని తహశీల్దారుకు అర్జీ రాసింది చనిపోయిన మనిషే. ఆ అర్జీ అతను పోయేనాటికి యింకా సంతకాల దశలోనే వుంది.

పాదిరిగారు ప్రార్థన చేశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోని పాట పాడారు. అందరితోపాటు నేనూ మూడు గుప్పిళ్ళ మట్టి వేశాను. ఆదివారం ఆదరణ కూడిక పెడుతూ అతని భార్య నాతో అన్నది: "అన్నయ్యగారూ, మీరు కూడా రెండు మాటలు చెప్పండి. ఆయన వుంటే మీరే చెప్పాలనేవారు. కాని మీకు నమ్మకం లేని మాట మాత్రం చెప్పవద్దు. ఆయనకు నచ్చదు."

ఈ వ్యాసం ఆ ఆంక్షలోంచి పుట్టింది. పునరుత్థానం మీద నిరీక్షణతో దుఃఖపడుతున్నవాళ్ళ మధ్య, ఆ నిరీక్షణ లేని మనిషి నిజాయితీగా యేం చెప్పగలడు?

మనవాళ్ళకు నోటికొచ్చిన జవాబు ఒకటి వుంది: మతం మత్తుమందు. 1844లో అచ్చయిన మార్క్సు వ్యాసంలోని ఈ మాట మనలో చాలామందికి ఆ వ్యాసం మొత్తానికి బదులుగా పనికివస్తోంది. అదే పేరాలో, ఆ మాటకు కొంచెం ముందే, మార్క్సు మతాన్ని అణగారిన మనిషి నిట్టూర్పుగానూ, నిజమైన బాధ మీద నిరసనగానూ గుర్తించాడన్న సంగతి మనం సౌకర్యంగా మరచిపోతాం. ఆ రోజుల్లో నల్లమందు బాధోపశమనానికి వైద్యులు ఇచ్చే మందు కూడాను. రోగికి మందు యెందుకు కావలసివచ్చిందో అడగకుండా, సీసా లాక్కోవడమే వైద్యమనుకునేవాణ్ణి మనం వైద్యుడనం. మార్క్సు కోరింది మందు అవసరంలేని పరిస్థితిని. కనుక మొదట బాధను చూడాలి, తరువాతే మందును.

ఈ మెట్టలో ఆ బాధకు చరిత్ర వుంది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చాడు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టుల పని జ్యూయెట్, క్లౌ దొరల కాలంలో విస్తరించింది. కాని మాదిగపల్లెల్లోకి ఆ మతాన్ని తీసుకుపోయినవాళ్ళు ప్రధానంగా దొరలు కారు. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. తన వృత్తి తిప్పిన వూళ్ళలో, తన బంధువుల మధ్య, అతను ఆ వార్త చెప్పుకుంటూ తిరిగాడు. తరువాత 1876-78 కరువు వచ్చింది. ఆ కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్న జనానికి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ అంకెను కొందరు అద్భుతమంటారు, కొందరు కరువు ప్రభావమంటారు. రెండు మాటలూ ఆ జనాన్ని బొమ్మలు చేస్తున్నాయి. కరువు కారణమనడం అబద్ధం కాదు. కాని కరువు గడిచాక కూడా వాళ్ళ మనుమలు ఆ విశ్వాసాన్ని పట్టుకుని వుండడానికి కరువు ఒక్కటే కారణం కాజాలదు. ఏం దొరికింది వాళ్ళకు? బడి దొరికింది, అక్షరం దొరికింది. మన సమస్యకు దగ్గరైన విషయం మరొకటి కూడా దొరికింది: వాళ్ళ చావుకు ఒక గౌరవం. ఊళ్ళో పశువు చస్తే మోసుకుపోయేదీ, ఊరి చావుకు డప్పు కొట్టేదీ, ఊరి శవానికి కట్టెలు మోసేదీ వాళ్ళే. తమ చావుకు మాత్రం ఊరు పని మానుకోలేదు. అలాంటి జాతిలో ఒక మనిషి చనిపోయినప్పుడు పేరు పెట్టి ప్రార్థన చేసి, 'ప్రభువునందు నిద్రించెను' అని చెక్క మీదనో రాయి మీదనో రాసి, ఈ దేహం తిరిగి లేస్తుందని నలుగురిలో ప్రకటించడం చిన్న విషయం కాదు. అంటరానిదని ముద్రపడిన దేహమే లేస్తుందట! పూర్వజన్మ పాపఫలమని ఈ పుట్టుకను వివరించిన సిద్ధాంతానికి ఇంతకంటే సూటి జవాబు ఆనాడు పల్లెకు అందుబాటులో లేదు. పునరుత్థాన విశ్వాసంలో వున్న సామాజిక సారం ఇది. దాన్ని గుర్తించలేని భౌతికవాదం చరిత్రను చదవలేదన్నమాటే.

అయితే ఇక్కడ ఆగిపోతే మనం పాదిరిగారి పని చేసినవాళ్ళమవుతాం. ఆ నిరీక్షణకు రెండో ముఖం కూడా వుంది. 'అక్కడ అన్నీ దొరుకుతాయి' అన్న మాట ఇక్కడ అడగవలసినవాణ్ణి అడగకుండా చేసిన సందర్భాలు తక్కువేమీ కావు. గుడిలోకి వచ్చిన తరువాత కూడా కులం గుమ్మం బయట చెప్పులతోపాటు ఆగిపోలేదు. శ్మశానానికి దారి లేకపోవడం దేవుడి సంకల్పమని మా మిత్రుడి ఊళ్ళో యెవరూ అనకపోయినా, 'పోనీలెద్దూ, గొడవెందుకు' అన్న పెద్దలు ఆ గుడిలో వున్నారు. ఓర్పును సుగుణంగా బోధించే మతం, ఓర్చుకోవలసిన అవసరాన్ని యెవరు కల్పిస్తున్నారో అడగకపోతే, ఆ కల్పించేవాడికి మిత్రమవుతుంది.

మరి మా మిత్రుడి నిరీక్షణ యే కోవకు చెందింది? ఒక విశ్వాసం బరువును తూచడానికి అది మనిషికి యేం ఇచ్చిందో చూడడం ఒక పద్ధతి. అతని దగ్గర యేం తీసుకుందో చూడడం మరింత నమ్మదగిన పద్ధతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు; క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితుణ్ణి బి.సి.-సి గా లెక్కించి, ఒక్క శాతంలో సర్దుకోమన్నారు. ఊరు మాత్రం అతన్ని యేనాడూ బి.సి.గా చూడలేదు, బావి దగ్గరా, డొంక దగ్గరా, పెళ్ళి సంబంధం దగ్గరా అతని పాత కులమే చెల్లుబాటయింది. అందువల్ల వేలమంది గుడిలో ఒక పేరుతోనూ కాగితంలో మరో మతంతోనూ బతుకుతున్నారు. ఆ రెండు బతుకుల తప్పు వాళ్ళది కాదు, వాళ్ళకు అలాంటి షరతు పెట్టిన రాజ్యానిది. మా మిత్రుడు కాగితంలో కూడా క్రైస్తవుడనే రాయించుకున్నాడు. దానివల్ల ఉద్యోగం ఆలస్యమైంది, పిల్లల చదువు కష్టమైంది. వేరే విధంగా రాయించుకున్నవాళ్ళను ఒక్క మాట అనలేదు. వాళ్ళ పిల్లలకు దరఖాస్తులు తానే నింపి పెట్టేవాడు. మత్తుమందు మనిషి దగ్గర ఇంత ఖరీదు వసూలు చేసి, ఇంత మెలకువ ఇవ్వదు.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. చావు గురించి భౌతికవాది దగ్గర యే ఓదార్పు వుంది? ప్రాచీన గ్రీకు భౌతికవాది ఎపిక్యూరస్ ఒక తర్కం చెప్పాడు: మనం వున్నంతసేపూ చావు లేదు, చావు వచ్చినప్పుడు మనం వుండం, కనుక భయమెందుకు అని. తర్కం బాగానే వుంది. కాని అది నా చావు గురించిన భయానికి జవాబు. మిత్రుడు పోయినప్పుడు సమస్య అది కాదు. అతను లేడు, నేను వున్నాను. సాయంత్రం బస్టాండు టీకొట్లో రెండో గ్లాసు చెప్పబోయి ఆగిపోతున్నాను. దీనికి ఎపిక్యూరస్ దగ్గర మందు లేదు.

మన ఉద్యమాల దగ్గర మరో ఓదార్పు వుంది. 'అమరజీవి' అంటాం, 'జోహార్' అంటాం, స్థూపం కడతాం, అతను ప్రజల్లో జీవించే వున్నాడంటాం. నిదానించి చూస్తే ఇదీ ఒక పునరుత్థాన ప్రకటనే. ఆధారం విషయంలో దానికంటే గట్టిదేమీ కాదు. ప్రజలు మరచిపోతారు. స్థూపం పక్కన సైకిళ్ళు ఆనించి పెడతారు. పోనీ, పేరున్న నాయకుడికి స్థూపమన్నా దక్కుతుంది. పురుగుమందు కొట్టి కొట్టి వూపిరితిత్తులు చెడి పోయిన కూలీ యెవరిలో జీవిస్తున్నాడు? పత్తి చేలో పాము కరిచి పోయిన పదేళ్ళ పిల్ల యే ఆశయంలో జీవిస్తోంది? 'ఆశయం బతికే వుంది' అనడంలో తెలియకుండానే ఒక నిర్దయ వుంది. ఆశయం బతికినంతమాత్రాన మనిషి పోయిన లోటు పూడిందని ఆ మాట ఒప్పించబోతుంది. క్రైస్తవుడు అలా అనడు. అతను పోయిన మనిషి కీర్తిని కాదు, ఆ మనిషినే తిరిగి అడుగుతున్నాడు. ఆ కోరిక తీరుతుందని నేను నమ్మను. కాని ఆ కోరిక సరైనదని నమ్ముతున్నాను. మనిషికి మనిషి బదులు కాడన్న సత్యం దానిలో వుంది. ఆ సత్యం మన సాహిత్యంలో వున్నంతగా మన సంతాప తీర్మానాల్లో లేదు.

మిత్రుడి చావు గురించి క్రైస్తవ గ్రంథం చెప్పే ప్రసిద్ధమైన కథ లాజరుది. మిత్రుణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గర యేడ్చాడని యోహాను సువార్త చెబుతుంది. పౌలు థెస్సలొనీకవారికి రాసినప్పుడు కూడా దుఃఖాన్ని నిషేధించలేదు; నిరీక్షణ లేనివారి దుఃఖంలా అది వుండకూడదన్నాడు. అంటే వారి గ్రంథం ప్రకారమే నిరీక్షణ కన్నీటిని రద్దు చెయ్యదు. అయినా ఆదరణ కూడికల్లో 'విశ్వాసులు యేడవకూడదమ్మా' అని భార్యను గదమాయించే పెద్దలను చూస్తుంటాం. వాళ్ళు తమ గ్రంథాన్ని సగం చదివారు. మనం మార్క్సును సగం చదివినట్టే! 'కన్నీళ్ళు కాదు, కర్తవ్యం ముఖ్యం' అని మన సంతాపసభల్లో పలికే ఉపన్యాసకుడు ఆ పెద్దలకు సోదరుడే. ఇద్దరూ దుఃఖించే హక్కును దుఃఖించే మనిషి చేతినుంచి లాక్కుంటున్నారు.

ఇక నిరీక్షణ అనే మాట. మామూలు తెలుగులో నిరీక్షించడమంటే ఎదురుచూడడం. తెలుగు బైబిలు ఆ మాటను ఆశకు బదులుగా వాడింది. మంచి పని చేసిందనే అనుకుంటాను. మన భాషలో ఆశ అనేది కొంత పేరాశ వైపు జారే మాట. కాని ఎదురుచూడడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమా? ఈ నేల మీద యెవరూ అలా ఎదురుచూడరు. మిరపనారు పోసినవాడు నాటుతాడు, కలుపు తీస్తాడు, ముడత తెగులు కోసం ఆకు తిప్పి చూస్తాడు, కోత కోసి కల్లంలో ఆరబోస్తాడు, మబ్బుపడితే పట్టాలు కప్పి రాత్రంతా మేలుకుంటాడు, అప్పుడు గుంటూరు యార్డుకు తోలుకుపోతాడు. ఇదంతా ఎదురుచూడడమే. పౌలు చావును విత్తనంతో పోల్చాడు. మా వాదనలో ఈ పోలిక వచ్చినప్పుడు నేను "మొలిచిన విత్తనం చచ్చినట్టు కాదు మాస్టారూ, చచ్చిన విత్తనం మొలవదు" అన్నాను. "నకిలీ విత్తనాలు కొన్న వూరివాళ్ళం, మాకు చెప్పాలా?" అని నవ్వాడు. "అయినా మరుసటేడు మళ్ళీ నాటామా లేదా?" నా అభ్యంతరానికి అది జవాబు కాదు. అయితే అతని నిరీక్షణ యెలాంటిదో అందులో తెలుస్తుంది: ఫలితం గురించిన పూచీ మీద అది నిలబడిలేదు.

అలాంటి నిరీక్షణను ఈ జిల్లాలు పెద్ద యెత్తున చూశాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు మిగిలినవాళ్ళు చీరాల పారిపోయి ఒక చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం ప్రార్థనా స్థలంగా మిగిలిపోలేదు. దళిత మహాసభకు దారితీసిన పోరాటం అక్కడినుంచే లేచింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఆ శవాలను ఊరవతల, యెవరి కంటా పడని చోట పూడ్చడానికి వాళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. ఊరి నడుమ పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. సమాధులు మాత్రం వున్నచోటనే వున్నాయి. అక్కడ తలవంచేవాళ్ళలో పునరుత్థానం నమ్మేవాళ్ళూ వున్నారు, అంబేడ్కరును నమ్మేవాళ్ళూ వున్నారు, రెండూ నమ్మేవాళ్ళూ వున్నారు. చచ్చినవాళ్ళను ఊరు మరచిపోవడానికి వీల్లేదన్న చోట వాళ్ళ మధ్య తేడా లేదు.

వినుకొండలో 1895లో పుట్టిన జాషువా ఈ సంగతిని మనకంటే ముందు కనిపెట్టాడు. క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కవే, శ్మశానంలో అంటరానితనానికి తావులేదన్న పద్యాలు కూడా రాశాడు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను రాగానే ఆ పద్యాలకు ఊరూ పల్లె కలిసి వన్స్‌మోర్ కొట్టేవి. కొట్టి, ఊరు ఊరి శ్మశానానికీ, పల్లె పల్లె శ్మశానానికీ తమ శవాలను మోసుకుపోయేవి. ఆ పద్యాలను వైరాగ్యంగా విని సంతోషించినవాళ్ళు కవిని వినలేదు. చచ్చాక వచ్చే సమానత్వాన్ని కవి కొనియాడలేదు, బతికుండగా అది లేనందుకు నిలదీశాడు. ఆ క్రైస్తవ కవి కూతురు హేమలత, నాస్తికుడు గోరా కొడుకు లవణాన్ని పెళ్ళాడింది. విశ్వాసమూ అవిశ్వాసమూ ఒక ఇంట్లో వుండి పనిచేయగలవని ఆ దంపతుల జీవితం చూపించింది.

ఇందువల్ల తేలేదేమిటి? ఆ నిరీక్షణ నిజమా కాదా అన్న ప్రశ్నకు నా జవాబు మారలేదు. చనిపోయినవాడు లేవడు. ఈ మాట దాచి మిత్రుడి ఇంట్లో కూర్చోవడం అతనికి ద్రోహం. కాని ఒక నమ్మకం నిజమా అన్నది ఒక ప్రశ్న; దాన్ని పట్టుకున్న మనిషి దానితో యేం చేశాడన్నది మరో ప్రశ్న. రెండోదానికి జవాబు చెప్పకుండా మొదటిదానికి మాత్రమే జవాబు చెప్పి గెలిచామనుకోవడం బడిపిల్లల వక్తృత్వపోటీకి చెల్లుతుంది. నిరీక్షణ దుఃఖాన్ని అణచివేస్తే, అడగవలసినదాన్ని అడగనివ్వకపోతే, దాన్ని విమర్శించడం మన విధి. అది మనిషిని మనిషిగా లెక్కపెడితే, అతన్ని డొంక కోసం అర్జీ రాసేలా చేస్తే, దానితో కలిసి నడవడం కూడా మన విధే. అదే కొలబద్దతో మన 'అమరజీవి' మాటలను కూడా కొలుచుకోవాలి.

ఆదరణ కూడికలో నేను చెప్పింది కొంచెమే. "మాస్టారు మళ్ళీ లేస్తారని మీరు నమ్ముతున్నారు. నేను నమ్మడం లేదు. అందుకని మీకున్న ధైర్యం నాకు లేదు. నాకు ఆయన పోవడం పూర్తిగా పోవడమే. ఆయనకు బదులు యెవరూ లేరు. ఆయన రాసిన అర్జీ నా దగ్గర వుంది" అన్నాను. యెవరూ ఆమెన్ అనలేదు. ఆమె మాత్రం తల వూపింది. ప్రార్థన ముగిశాక ఒక కుర్రవాడు అర్జీ అడిగి తీసుకుని గుడి మెట్ల మీద పరిచాడు. ఆ సాయంత్రం అరవై మూడు సంతకాలయినాయి. కొన్ని వేలిముద్రలు.

ఆ వేసవిలో ఈస్టరుకు తెల్లవారుజామున పల్లెవాళ్ళు సమాధులకు సున్నం కొట్టి కొవ్వొత్తులు వెలిగించడానికి వెళితే నేనూ వెళ్ళాను. సున్నపు బక్కెట్టు నా చేతిలో పెట్టారు. పంట తీసేసిన చేనిగట్టు మీదుగానే నడిచాం. డొంక ఇంకా తెరవలేదు.